అట్టపెట్టె మీద తెలుగు వాక్యం

2006 జూన్‌లో నాచారం పారిశ్రామికవాడలోని ఒక సౌందర్య సాధనాల కర్మాగారంలో క్వాలిటీ అష్యూరెన్స్ మేనేజర్‌గా చేరాను. అప్పటికి నాకు యాభై ఏళ్లు. అంతకుముందు చాలాకాలం మందుల కంపెనీల ప్రయోగశాలల్లో పనిచేశాను. మాది తెనాలి వైపు. పెళ్లయ్యాక హబ్సిగూడలో స్థిరపడ్డాం కాబట్టి నాచారం ఉద్యోగం ఇంటికి దగ్గరని ఒప్పుకున్నాను.

బయటివారికి క్వాలిటీ కంట్రోల్, క్వాలిటీ అష్యూరెన్స్ ఒకటే అనిపిస్తాయి. మొదటిది పరీక్షలు చేసే విభాగం. క్రీములో ఉండవలసింది ఉందా, ఉండకూడనిది ఏమైనా చేరిందా అని చూస్తుంది. రెండోది సంతకం పెట్టే విభాగం. ముడిసరుకు నుంచి అట్టపెట్టె మీది అక్షరం దాకా ప్రతి కాగితం నా బల్ల మీదుగా వెళ్లేది. నా సంతకం పడకుండా సరుకు గేటు దాటకూడదు. మా కర్మాగారానికి సొంత పేరుతో సరుకు లేదు. వేరే కంపెనీలు అడిగినది వాళ్ల పేరుతో తయారుచేసి ఇచ్చేవాళ్లం.

2008 చివర్లో ఒక ముంబయి కంపెనీ విటమిన్ ఎ ఉన్న నైట్ క్రీము చేయమని అడిగింది. నలభై దాటిన ఆడవాళ్ల ముఖం మీది ముడతలకు, ఎండ మచ్చలకు అని వాళ్ల ఉద్దేశం. విటమిన్ ఎ కుటుంబంలో చాలా రూపాలున్నాయి. అన్నిటికన్నా ఘాటైనది ట్రెటినాయిన్. అది మందు. డాక్టరు చీటీ మీదే ఇవ్వాలి. మేము వాడింది రెటినాల్. అది చర్మంలోకి వెళ్లాక కొద్దికొద్దిగా మారి పనిచేస్తుంది. నెమ్మది, కాని నెలల తరబడి ఓపిగ్గా వాడితే సన్నని గీతలు కొంత తగ్గుతాయి, చర్మం నునుపు తేలుతుంది. గాలి తగిలినా వెలుతురు తగిలినా రెటినాల్ పాడవుతుంది. అందుకని పసుపు దీపాల కింద కలిపేవాళ్లం, డబ్బాల్లో కాకుండా అల్యూమినియం ట్యూబుల్లో నింపేవాళ్లం. మూత తీసిన ప్రతిసారీ లోపలున్నదంతటికీ గాలి తగిలే డబ్బాలో ఎవరైనా విటమిన్ ఎ క్రీము అమ్ముతుంటే కొనవద్దని ఇప్పటికీ మా బంధువులకు చెబుతుంటాను.

ఈ క్రీముకు ఒక పద్ధతి ఉంది. రాత్రిపూట మాత్రమే రాయాలి. ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరాక, ముఖం మొత్తానికి శనగగింజంత చాలు. మొదట్లో వారానికి రెండు రాత్రులు, చర్మం అలవాటు పడ్డాక క్రమంగా పెంచాలి. మొదటి వారాల్లో కాస్త ఎర్రబడటం, సన్నగా పొట్టు లేవడం మామూలే. మంట పుడితే మాత్రం ఆపాలి. పగలు ఎండ నుంచి ముఖాన్ని కాపాడుకోవాలి. గర్భిణులు అసలు వాడకూడదు. నేను కూడా అప్పుడు అదే ట్యూబు ఇంటికి తెచ్చుకుని ఇదే పద్ధతిలో వాడుతున్నాను. నాకు ఏ ఇబ్బందీ రాలేదు.

2009 మే నెలలో ఒక మధ్యాహ్నం సెక్యూరిటీ గదినుంచి ఫోను వచ్చింది. ఎవరో ఒకాయన ట్యూబు పట్టుకుని వచ్చాడని, గంటనుంచి కదలడం లేదని చెప్పారు. నేను గేటు దగ్గరికి వెళ్లాను. యాభై దాటిన మనిషి, నూనె మరకల ఖాకీ చొక్కా. పేరు మల్లేశం. రెండు వీధుల అవతల ఒక ఇంజనీరింగ్ షాపులో లేత్ మెషీన్ మీద టర్నర్‌గా పనిచేస్తున్నానన్నాడు. ట్యూబు వెనక మా చిరునామా సన్నటి అక్షరాల్లో ఉంటుంది. అది చూసి నడిచి వచ్చాడు.

"లొల్లి పెట్టుకుందామని రాలే మేడం," అన్నాడు. "గిండ్ల ఏం కలిపిన్రో జెప్పుండ్రి. ఆమె మొఖం కాలింది. ఆమె నన్ను పోవద్దన్నది. నేనే వచ్చిన."

ఆమె అంటే ఎవరని అడిగాను. ఆయన కాస్త తడబడ్డాడు. ఆమె పేరు అండాలు అని, ఉప్పల్ నుంచి సికింద్రాబాదు వైపు తిరిగే సిటీ బస్సులో కండక్టరని, రామంతాపూర్‌లో ఉంటుందని చెప్పాడు. ఆమె భర్త పోయి తొమ్మిదేళ్లు. ఈయన భార్య కూడా లేదు. అదే బస్సులో ఏళ్లుగా పనికి వచ్చిపోతుంటే పరిచయమైంది. ఇంకో మూడు వారాల్లో రిజిస్టరు పెళ్లి.

ఫిర్యాదు వచ్చినప్పుడు ఏం చేయాలో మా దగ్గర రాతపూర్వకమైన క్రమం ఉంది. రిజిస్టరులో నంబరు వేయాలి. ట్యూబు మీది బ్యాచి నంబరు చూసి, అదే బ్యాచిలోంచి మేము దాచి ఉంచిన కంట్రోల్ శాంపిల్‌ను మళ్లీ పరీక్షించాలి. వీలైతే వాడిన మనిషిని కలవాలి. విచారణ పూర్తయ్యేదాకా తప్పు మాదని కాని, మాది కాదని కాని అనకూడదు. చివరికి రాతపూర్వకంగా జవాబివ్వాలి. క్రమం ప్రకారం నంబరు వేసి, శాంపిల్ ల్యాబుకు పంపి, సాయంత్రం డ్యూటీ దిగాక మల్లేశం చెప్పిన ఇంటికి వెళ్లాను.

అండాలుకు నలభై ఐదేళ్లు. తలుపు సగం తీసి, కొంగుతో ముఖం కప్పుకుని నిలబడింది. నాతో వచ్చిన మల్లేశం మీద కోపగించుకుంది కూడా. ఆయన బయట అరుగు మీద కూర్చున్నాడు. లోపలికి వెళ్లాక కొంగు తీసింది. రెండు చెంపలూ నుదురూ ఎర్రగా వాచి, అక్కడక్కడ చర్మం లేచి, పెదవుల పక్కన చిన్న పగుళ్లున్నాయి. మా ఉద్యోగంలో ఇలాంటి ముఖాలు పుస్తకాల్లో బొమ్మలుగా చూస్తాం. ఎదురుగా కూర్చుని చూడటం నాకదే మొదలు.

ఎలా మొదలైందని అడిగాను. ఆమె నిదానంగా చెప్పింది. పదేళ్లుగా టికెట్లు కొడుతూ ఫుట్‌బోర్డు దగ్గరే నిలబడుతుంది. ఎడమ చెంప మీద ఎండ మచ్చ, కళ్ల పక్కన గీతలు. పెళ్లి తేదీ ఖాయమయ్యాక ఉప్పల్‌లో మందుల షాపులో అడిగితే ఈ ట్యూబు ఇచ్చారు.

"పెండ్లికి ముంగట జర మంచిగ కనవడాలె అనుకున్న," అంది. "గీ వయసుల గిదేం ఆశ అంటరని ఎవ్వరికి జెప్పలే."

ఎర్రబడగానే ఆపలేదా అని అడిగాను. షాపులో అడిగితే మొదట్లో అలాగే ఉంటుందన్నారట. అది అబద్ధం కూడా కాదు. పని చేస్తోంది కాబోలనుకుని ఇంకొంచెం ఎక్కువ రాసింది. పొద్దున రాసుకుని డ్యూటీకి పోయేది. చెమటకు ట్రిప్పు ట్రిప్పుకూ సబ్బుతో ముఖం కడిగేది. రాత్రి మళ్లీ రాసుకునేది. మే నెల ఎండలో పన్నెండు రోజులు అలా వాడింది. డిపోలో తోటివాళ్లు నవ్వారు. వదిన ఇంటికొచ్చి, ముసలితనంలో సోకులకు పోతే దేవుడు చూపించాడని అని వెళ్లింది.

నేను మనసులో అప్పుడే ఫిర్యాదు ముగించేశాను. పగటిపూట వాడింది, ఎక్కువ రాసింది, వాడిన పద్ధతి తప్పు. మా భాషలో దాన్ని వినియోగ దోషం అంటారు. పొద్దున ఎందుకు రాశారని, ఇది రాత్రి క్రీము కదా అని అడిగాను. గొంతులో కాస్త నింద వినిపించి ఉంటుంది. ఆమె లేచి అల్మారాలోంచి అట్టపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నేను సదువు రానిదాన్ని గాదు మేడం. టెన్త్ పాసయ్యే కండక్టర్నైన. గిండ్ల రాసింది సదివే పెట్టుకున్న."

ఇంగ్లీషు వైపు అంతా సరిగానే ఉంది. తెలుగు వైపు తిప్పి చూశాను. 'ముఖం శుభ్రపరచుకొని ప్రతిరోజు ఉదయం, రాత్రి ధారాళంగా రాసుకొని మృదువుగా మర్దన చేయవలెను.' అంతే. శనగగింజంత అని లేదు. ఎండ మాట లేదు. గర్భిణుల మాట లేదు.

"మీరు తప్పు రాసిన్రా, నేను తప్పు సదివిన్నా?" అని అడిగింది.

సమాధానం నా చేతిలోనే ఉంది. కాని విచారణ ముగియకుండా ఏమీ అనకూడదని నియమం. ఆ నియమం చాటున దాక్కున్నాను. రెండు రోజుల్లో వచ్చి చెబుతానన్నాను. క్రీము వెంటనే ఆపేయమని, సబ్బు వాడవద్దని, మామూలు వాసెలిన్ పలచగా రాసుకోమని, ఎండలోకి వెళ్లవద్దని చెప్పి, మర్నాడు ఉదయం చర్మవైద్యురాలి దగ్గరికి నేనే తీసుకెళతానన్నాను. ఆమె సరేనంది కాని, అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదని ఆమెకూ తెలుసు.

మర్నాడు ఆమెను డాక్టరుకు చూపించాక కర్మాగారానికి వెళ్లి ఆర్ట్‌వర్క్ ఫైలు తీయించాను. అట్టపెట్టె అచ్చుకు వెళ్లేముందు దాని నమూనా మా దగ్గరికి వస్తుంది. జిల్లాల్లో అమ్మకాల కోసం తెలుగు కూడా ఉండాలని ముంబయి వాళ్లు చివర్లో అడిగారు. ఆ తెలుగు వాళ్లే పంపారు. అంతకుముందు మేమే చేసిన వాళ్ల కోల్డ్ క్రీము పెట్టె మీది వాక్యాన్ని తెచ్చి ఇక్కడ అతికించారు. చలికాలపు కోల్డ్ క్రీముకు ఆ మాటలు సరిగ్గా సరిపోతాయి. ముంబయిలో తెలుగు చదివేవాళ్లు లేరు. మా వర్క్స్ మేనేజర్ తెలుగువారే కాని ఆ కాగితం ఆయన దాకా వెళ్లనక్కర్లేదు. దాన్ని చదవవలసిన మనిషిని నేనొక్కదాన్నే.

చదివాను. ఆ నమూనా మీద నా ఎర్ర సిరా గుర్తులున్నాయి. 'ముకం' అని ఉంటే 'క'ను 'ఖ' చేశాను. 'దారాళంగా' అని ఉంటే వత్తు పెట్టాను. 'మృధువుగా' అని ఉంటే వత్తు తీసేశాను. కింద 'సవరణలతో ఆమోదం' అని రాసి సంతకం, తేదీ. అక్షరదోషం ఒక్కటి కూడా మిగల్చలేదు. ధారాళంగా అన్న మాటకు వత్తు సరిచేసిన చేతికి, ఆ మాట అక్కడ ఉండకూడదని తోచలేదు. క్రీము ఎలా వాడాలో నాకు ముందే తెలుసు కాబట్టి ఆ పెట్టెను నేను సూచనగా చదవలేదు, తెలుగుగా చదివాను. అండాలుకు ఆ పెట్టె తప్ప చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

సాయంత్రానికి ల్యాబు ఫలితం వచ్చింది. కంట్రోల్ శాంపిల్‌లో రెటినాల్ ఉండవలసినంతే ఉంది. సరుకులో లోపం లేదు.

వర్క్స్ మేనేజర్ సుబ్బారావు గారికి రెండు కాగితాలూ చూపించాను. ఆయన మంచివాడు, ముప్ఫై ఏళ్లుగా కర్మాగారాలు నడిపినవాడు. చాలాసేపు ఫైలు చూసి, సరుకు బాగున్నట్టే కదా అన్నారు. ఇంగ్లీషు సూచన సరిగా ఉంది కాబట్టి ఆ సూచన పాటించలేదని రాసి ముగించవచ్చని, తర్వాతి బ్యాచికి తెలుగు చడీచప్పుడు లేకుండా మార్చుకోవచ్చని సలహా ఇచ్చారు. సరుకు వెనక్కి రప్పిస్తే ముంబయి వాళ్లు మనల్ని వదిలేస్తారని, ప్యాకింగులో ఉన్న ఆడవాళ్ల పని పోతుందని కూడా అన్నారు.

"ఆమెకు కావలసిన వైద్యం చేయిద్దాం మేడమ్. కాని మీ సంతకాన్ని మీరే ఎందుకు బయటపెట్టుకుంటారు?"

ఆయన చెప్పిన దాంట్లో నాకు మేలు చేసే ఉద్దేశమే ఉంది. ఆ రాత్రంతా దానికి అనుకూలంగా నేను కూడా కారణాలు వెతికాను. దొరికాయి కూడా. కాని ఆ పెట్టెలు ఇంకా దుకాణాల్లో ఉన్నాయి. ఎవరో ఒక గర్భిణి ఇప్పటికే పొద్దునా రాత్రీ ధారాళంగా రాసుకుంటూ ఉండవచ్చు. ఆ ఒక్క ఆలోచన దగ్గర మిగతా కారణాలు నిలబడలేదు.

మర్నాడు విచారణ నివేదికలో ఇలా రాశాను: సరుకు ప్రమాణానికి లోబడి ఉంది, తెలుగు సూచన తప్పు, ఆ సూచనను ఆమోదించింది క్వాలిటీ అష్యూరెన్స్ మేనేజర్, సరుకు అమ్మకం ఆపి వెనక్కి రప్పించాలి. కింద నా పేరు రాసి సంతకం చేశాను. ముంబయికి ఫ్యాక్సు పంపి, ఫోను చేశాను. అవతలి మనిషి ఇంగ్లీషులో చాలా కఠినంగా మాట్లాడాడు. కాని అమ్మకం ఆపమని డీలర్లకు ఆ సాయంత్రమే చెప్పారు.

రెండో రోజు సాయంత్రం, మాట ఇచ్చినట్టే, రామంతాపూర్ వెళ్లాను. మల్లేశం కూడా ఉన్నాడు. అండాలు ముఖం వాపు కాస్త తగ్గింది.

"తప్పు రాసింది మేమే," అన్నాను. "మీరు సరిగ్గానే చదివారు. ఆ రాత మీద ఉన్న సంతకం నాది."

నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టే హక్కు ఆమెకు ఉంది. మల్లేశం ఆమె వైపే చూస్తున్నాడు. ఆమె అడిగింది ఒక్కటే.

"గీ మాట కాయిదం మీద రాసిస్తరా?"

ఎందుకని అడగలేదు. వదినకు చూపించడానికి, డిపోలో నవ్వినవాళ్లకు చూపించడానికి. తన తెలివితక్కువతనం వల్ల ముఖం పాడుచేసుకోలేదని తనకు తాను చూపించుకోవడానికి కూడా కావచ్చు. ఫిర్యాదుకు రాతపూర్వకమైన జవాబు ఇవ్వడం ఎలాగూ మా క్రమంలో ఉంది. సాధారణంగా ఆ జవాబు ఇంగ్లీషులో, చింతిస్తున్నాం అన్న మాట దాటకుండా ఉంటుంది. నేను లెటర్‌హెడ్ మీద తెలుగులో నాలుగు వాక్యాలు రాశాను. మా పెట్టె మీది తెలుగు సూచన తప్పు. దాన్ని చదివి మీరు అక్షరాలా పాటించారు. మీ ముఖానికి జరిగిన హానికి కారణం ఆ సూచనే. బాధ్యత మాది. సుబ్బారావు గారు చదివి, సంతకం చేయనన్నారు. కాని నన్ను ఆపనని కూడా అన్నారు. నేనొక్కదాన్నే సంతకం చేసి తీసుకెళ్లి ఇచ్చాను. ఆమె దాన్ని నిలబడే రెండుసార్లు చదివింది. మడిచి టికెట్ల సంచిలో పెట్టుకుంది.

పెళ్లి వాయిదా వేసుకుంటారా అని డాక్టరమ్మ అడిగారట. మంట, పొట్టు రెండు వారాల్లో పోతాయి కాని, నల్లమచ్చ నిలిచి కొన్ని నెలలు ఉంటుందని ఆవిడ ముందే చెప్పారు. అండాలు వాయిదా వద్దంది. ఆ సంగతి నాకు చెబుతూ, "నా మొఖం ఆయన కొత్తగ సూస్తడా మేడం," అంది. రిజిస్ట్రార్ ఆఫీసుకు నేనూ వెళ్లాను. పౌడరు రాసుకోవద్దని డాక్టరు చెప్పినందువల్ల మచ్చలతోనే వచ్చింది. ఆకుపచ్చ పట్టుచీర, తలలో మల్లెలు. వదిన కూడా వచ్చింది, ఫోటోలో ఆమె పక్కనే నిలబడింది. వదినకు ఉత్తరం చూపించారా అని అండాలును నేను అడగలేదు.

చలికాలంలో డాక్టరు సలహాతో అండాలు మళ్లీ విటమిన్ ఎ క్రీము మొదలుపెట్టింది. వారానికి రెండు రాత్రులు, శనగగింజంత. పగలు డ్యూటీలో సన్‌స్క్రీన్ రాసుకుని, తలకూ చెంపలకూ స్కార్ఫు కట్టుకునేది. తర్వాతి వేసవికి ముందు ఒకరోజు నేనెక్కిన బస్సులో ఆమె ఉంది. నల్లమచ్చలు పోయాయి. కళ్ల పక్కన గీతలు కొంచెం పలచబడ్డాయి. కొంచెమే. పరీక్షగా చూస్తున్నానని గమనించి నవ్వి, టికెట్టు చించి ఇచ్చింది.

ఇక కర్మాగారం సంగతి. హైదరాబాదు డీలర్ల దగ్గరున్న సరుకు చాలామటుకు వెనక్కి వచ్చింది, జిల్లాలనుంచి కొంత రాలేదు. ఇంకో ఇద్దరు స్త్రీలు అలాంటి మంటతోనే ఫోను చేశారు. గర్భిణి ఎవరూ వాడినట్టు మా దాకా రాలేదు. రాలేదు అని మాత్రమే చెప్పగలను. ముంబయి కంపెనీ ఆ క్రీమును ఏడాది లోపే వేరేచోటికి మార్చుకుంది. ప్యాకింగు హాల్లో ఆ లైను మీద ఉన్న ఎనిమిదిమంది కాంట్రాక్టు ఆడవాళ్లను ఆపేశారు. ఆర్నెల్ల తర్వాత వేరే పని వచ్చినప్పుడు పిలిస్తే ఆరుగురు వచ్చారు. మిగతా ఇద్దరు ఏమయ్యారో నాకు తెలియదు. సుబ్బారావు గారు చెప్పిన ఆ మాట మాత్రం నిజమైంది. తప్పు సూచనను ఆమోదించానని నాకు మెమో ఇచ్చారు. ఆ ఏడు రావలసిన పదోన్నతి రాలేదు. మెమోలో రాసిన దాంట్లో తప్పేమీ లేదు కాబట్టి జవాబు ఇవ్వలేదు.

ఆ తర్వాత లేబుల్ ఆమోదించే క్రమంలో ఒక నిబంధన చేర్చాను. ఏ పెట్టె నమూనా వచ్చినా, నేను సంతకం చేసేముందు, ఆ సరుకు గురించి ఏమీ తెలియని ఒక ప్యాకింగు కార్మికురాలిని పిలవాలి. ఆమె పెట్టె మీది తెలుగు పైకి చదవాలి. తర్వాత ఖాళీ ట్యూబు పట్టుకుని, ఎప్పుడు, ఎంత, ఎక్కడ రాస్తుందో చేసి చూపాలి. మొదటి రోజుల్లో అందరూ నవ్వుకున్నారు. కాని తలనూనె, షాంపూ, పాదాల పగుళ్ల మందు, ప్రతిదాంట్లో ఏదో ఒకటి బయటపడేది. తల కడిగాక రాయవలసినదాన్ని కడగకముందు రాసి చూపేవారు. తప్పు ఎప్పుడూ చదివినవాళ్లది కాదు, మా వాక్యానిదే. అలా దొరికినవాటిని సరిచేసి, మళ్లీ ఇంకొకరిని పిలిచి చదివించేవాళ్లం.

2014లో, తెలంగాణ ఏర్పడిన కొద్ది నెలలకు, పదవీ విరమణ చేశాను. ఆ నిబంధన అప్పటికి అమలులోనే ఉంది. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు అడిగితే నేను చెప్పేది ఇంతే. ఒక వాక్యం సరిగా ఉందో లేదో దాన్ని దిద్దినవాళ్లకు తెలియదు. దాన్ని చదివి, ఆ ప్రకారం చేసే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడాలి. సంతకం ఆ తర్వాత చేయాలి.